అంచులు పట్టుకున్నవాడు

దీపాలు ఇంకా ఆరనే లేదు, ముందు వరసలో కూర్చున్న కుర్రాళ్ళిద్దరిలో ఒకడు అప్పుడే రెండోవాడి భుజం మీద తల వాల్చేశాడు, అదేదో వాడింట్లో మంచం మీది దిండైనట్టు. ముసలాయన చూపు తిప్పుకున్నాడు. తిప్పుకున్న చూపు గోడ దాకా వెళ్ళి, గోడ మీద చూడ్డానికేమీ లేక, మళ్ళీ అక్కడికే వచ్చింది. ఎవరూ ఏమీ అనడం లేదు. వాళ్ళ పక్క సీటులో కూర్చున్న పెద్దావిడ ఒకసారి చూసింది, చూసి తన చేతిసంచీలో కళ్ళద్దాలు వెతుక్కుంది, అంతే. ఇంత తేలికా! మిట్టమధ్యాహ్నం, ఇంతమంది మధ్య, ఒక తల ఒక భుజం మీదికి చేరడానికి తుమ్మినంత సేపు కూడా పట్టలేదు. ఆయన కడుపులో సన్నగా మండింది. పొద్దున తిన్నది పడలేదేమో అనుకున్నాడు గానీ తిన్నదానికీ దీనికీ సంబంధం లేదని ఆయనకి తెలుసు. ఈ మంట పాతది, ఎప్పటికప్పుడు బూడిద కప్పుకుని పడుకుంటుంది, ఎవరి పడుచుతనమో వచ్చి దాని మీద ఊదితే చాలు, కన్ను తెరుస్తుంది. "కాళ్ళు చాపుకోండి, ముందు చోటుందిగా" అంది భార్య. "ఊఁ" అన్నాడు. చాపలేదు. పెళ్ళయినప్పటినుంచీ ఆవిడ అడిగినవాటికీ చెప్పినవాటికీ తిట్టినవాటికీ ఆయన ఇచ్చిన జవాబు అదొక్కటే, అందులోనే ఔనూ, కాదూ, చూద్దామూ, నన్నొదిలెయ్యీ అన్నీ ఉంటాయి, ఏది ఏదో ఆవిడ పోల్చుకుంటుంది.

ఈ సినిమాకి రమ్మని వచ్చిన ఫోను ఎత్తింది కూడా ఆవిడే. "ఎవరో మీ పాత సినిమా హాలు స్నేహితుడటండీ, ఈలగాడు అని చెప్పమన్నాడు, చెబితే తెలుస్తుందట." తెలుస్తుందట! ఆయన చేతిలో మంచినీళ్ళ గ్లాసు ఉంది, దాన్ని ఎక్కడ పెట్టాలో మరిచిపోయి పట్టుకునే నిలబడ్డాడు. "వాళ్ళ మేనకోడలు సినిమా తీసిందట. మీ మెషీను గది కథే, ఆయన చిన్నప్పటి కథే, ఆయన చెబుతుంటే ఆ పిల్ల తీసిందట. మిమ్మల్ని తప్పకుండా తీసుకు రమ్మన్నాడు. వాడంతట వాడు రాడమ్మా, మీరే చెయ్యి పట్టుకుని లాక్కురండి అన్నాడు." ఆవిడ దుప్పటి మడతపెడుతూ, మడత సరిగ్గా రాలేదని మళ్ళీ విప్పి, "ఇద్దరు మగపిల్లల ప్రేమ కథట. ఈమధ్య అలాంటివి కూడా తీస్తున్నారు. మంచిదేలెండి" అంది. ఊఁ. ఆ రోజునుంచి ఆయనకి పడక మీద ఏ పక్కకి తిరిగినా ముళ్ళే. ఈలగాడి కథ. ఈలగాడు మనసుపడ్డ పిల్లాడి కథ. అందులో తనున్నాడా? ఉంటే ఏ మూల ఉన్నాడు? ఆ పిల్లాడు తనేనా, లేక తను చిన్నప్పటినుంచీ అనుమానపడుతున్న ఆ ఉంగరాల జుట్టువాడా? అడగాల్సిన ప్రశ్నని బతుకంతా నాలిక కింద దాచుకుని తిరిగాడు, ఇవాళ అడక్కుండానే జవాబు తెర మీద పడబోతోంది, టికెట్టు కొన్నవాళ్ళందరి ఎదురుగా.

దీపాలు ఆరాయి. వెనక ఏ చప్పుడూ లేదు, అదే ఆయనకి పడలేదు. ఆయన సినిమాలన్నీ చూసింది మెషీను గదిలోంచి, గోడలో ఉన్న చదరపు కంతలోంచి, పక్కన మెషీను టకటకా కొట్టుకుంటుంటే, దాని లోపల వెలుగు కోసం కార్బన్ కడ్డీలు కాలుతున్న వాసన గొంతులో గరగరలాడుతుంటే. కింద హాల్లో కూర్చుని చూడటమంటే వంటవాడు విందుకి వచ్చినట్టే అనేవాడు ఈలగాడు, పొయ్యి మీదే ఉంటుంది ప్రాణం. కంతలు రెండుండేవి గానీ ఒకదాని అద్దం పొగచూరి పనికిరాకుండా పోయింది; కొత్తది వేయించండి అంటే మేనేజరు, "మీకెందుకురా సినిమా, బొమ్మ తెర మీద పడితే చాలు" అనేవాడు. కాబట్టి ఉన్న ఒక్క కంతకీ రెండు తలలు. ఈలగాడి చెవి వేడి ఇతని చెంపకి తగిలేది. వాడి జుట్టులో చవక సబ్బు వాసన, మెడ మీద చెమట, వాడు నవ్వితే ఆ నవ్వు ఎముకలోంచి ఎముకలోకి వచ్చేది. తగిలేది, అంతే. వాల్చలేదు. అరచెయ్యంత దూరంలో భుజం ఉండేది, ఒక్కసారి కూడా తల వాల్చలేదు, వాల్చితే ఏమయ్యేదో ఇప్పటికీ తెలీదు, ముందు వరసలో ఈ కుర్రకుంక మాత్రం సినిమా పేర్లు పడకముందే వాల్చేశాడు, వీడి టికెట్టు కూడా ఆ రెండోవాడే కొని ఉంటాడు.

తెర మీద మెషీను గది వచ్చింది. ఆయన వెన్ను నిటారుగా అయింది. అదే ఇనప మెట్లు, అదే ఆకుపచ్చ గోడ, కింద ఇసక బకెట్లు. పొగగొట్టం అటు ఉండాల్సింది ఇటు పెట్టారు, పెడితే పెట్టారు. రెండు మెషీన్ల మధ్య బక్కపల్చటి కుర్రాడొకడు, ముక్కు ఈలగాడిది కాదు, నడక ఈలగాడిది కాదు, కానీ వాడు రెండు వేళ్ళు నాలిక కింద పెట్టి ఈల వేశాడు, ముసలాయన గుండె మెట్టు తప్పినట్టయింది. ఆ ఈలే వాళ్ళ పని. ఒక రీలు అయిపోవస్తుంటే తెర పైమూల, కుడిపక్క, ఒక చుక్క తళుక్కుమంటుంది, చూసేవాళ్ళెవరూ గమనించరు, గమనించాల్సింది వీళ్ళే. మొదటి చుక్కకి తను "ఊఁ" అనేవాడు, ఆ మాటకి ఈలగాడు అవతలి మెషీను మోటారు వేసేవాడు. రెండో చుక్కకి ఈలగాడు ఈల వేసేవాడు, ఆ ఈలకి తను ఇవతలి మెషీను వెలుగుకి అడ్డంగా మూత దించేవాడు, అదే క్షణంలో వాడు అవతలి మూత ఎత్తేవాడు, బొమ్మ ఒక మెషీనులోంచి ఇంకో మెషీనులోకి దూకేసేది, హాల్లో ఉన్నవాడికి రెప్ప పడ్డట్టు కూడా తెలిసేది కాదు. ఊఁ, ఈల. ఊఁ, ఈల. ఆ రెండు చప్పుళ్ళతో రోజులకి రోజులు గడిచిపోయాయి, ఆ రెండింటి మధ్య ఉన్న ఆ కాస్త సేపులోనే ఆయన పడుచుతనమంతా ఉంది. ఇప్పుడు తెర మీద చుక్క పడింది, ఈలగాడి వేషం వేసిన కుర్రాడు తల తిప్పాడు, ఇటు పక్కనుంచి "ఊఁ" వినిపించింది. ముసలాయన సీటులో ముందుకి జరిగాడు. వచ్చేది తనే. కెమెరా ఇటు తిరిగితే కనిపించేది తనే.

కెమెరా తిరిగింది. పొట్టవేసుకుని, బుర్రమీసం పెట్టుకుని, నలభై దాటిన మనిషొకడు స్టూలు మీద కూర్చుని చెవిలో అగ్గిపుల్ల పెట్టుకుని గోక్కుంటున్నాడు. మళ్ళీ "ఊఁ" అన్నాడు. హాలంతా నవ్వింది. తెర మీద ఎవరో ఆయన్ని "మూగన్నా" అని పిలిచారు, దానికీ "ఊఁ" అన్నాడు, దానికీ నవ్వారు. భార్య ఆయన మోచెయ్యి పట్టుకుని ఊపేసింది. "అయ్యో, ఇది మీరేనండీ! అచ్చం మీరే!" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కిలకిలలాడింది. ముందు వరస కుర్రాళ్ళు కూడా నవ్వారు, భుజం మీద ఉన్న తల నవ్వుకి పైకీ కిందికీ ఊగింది గానీ అక్కణ్ణించి లేవలేదు. అయితే అదన్నమాట. ఉన్నాడు తను, ఇలాగున్నాడు. ఇద్దరికీ ఒకటే వయసు, పదిహేడు నిండీ నిండని వయసు, ఇద్దరూ ఒకే డబ్బా మీద కూర్చుని ఒకే గ్లాసులో టీ తాగారు, వీడేమో తనకి మీసం పెట్టి పొట్ట పెట్టి చెవిలో పుల్ల పెట్టాడు. ఒరేయ్ మూగోడా, ఒరేయ్ మూగోడా అని పిలిచిన ఆ పిలుపు ఇన్నాళ్ళూ తన సొంతం అనుకుని జేబులో దాచుకున్నాడు, దాన్ని తీసి జనం మీదికి నవ్వులాటకి విసిరేశాడు. లేచి వెళ్ళిపోదామనుకున్నాడు. మోకాళ్ళు ఒప్పుకోలేదు. మోకాళ్ళ సంగతేమిటి, లోపల ఉన్నదే కదలలేదు, అది చూసే పోవాలి, ఒంట్లో ముల్లు విరిగితే వేలుతో కెలికి చూసుకున్నట్టు, ఎంత లోతుందో చూసే పోవాలి.

వచ్చాడు. రానే వచ్చాడు. హాలు వెనక రేకుల షెడ్డు, గోడంత గుడ్డ, గుడ్డ మీద సగం వేసిన ఆడమనిషి మొహం, ఆ మొహం ముందు నిచ్చెన మీద ఒక కుర్రాడు, బుగ్గ మీద నీలం మరక, జుట్టు ఉంగరాలు ఉంగరాలు. రంగులబ్బాయి. ముసలాయన లోపలనుంచి ఒక మాట వచ్చి పెదాల దగ్గర ఆగింది, మంచి మాట కాదు. వీణ్ణి ఆయన మర్చిపోయింది ఎప్పుడు గనక! బేనర్లు వేసేవాడు, నిజంగానే ఉండేవాడు, నిజంగానే అంత అందంగానూ ఉండేవాడు దరిద్రుడు, వాడు నిచ్చెన దిగుతుంటే టికెట్ల కిటికీ దగ్గర ఆడపిల్లలు చిల్లర కింద పడేసుకునేవాళ్ళు. ఈలగాడు రెండాటల మధ్య ఖాళీ దొరికితే చాలు ఆ షెడ్డులోకి దూరేవాడు. "బొమ్మ వేస్తుంటే చూడాలిరా, ముందు కళ్ళు వెయ్యడు, కళ్ళు చివర్న వేస్తాడు, అప్పుడు ప్రాణం లేచొస్తుంది, నువ్వూ రా" అనేవాడు. ఇతను వెళ్ళేవాడు కాదు. పని ఉందనేవాడు, అంటే అనేవాడు కూడా కాదు, మెషీను తుడుస్తూ కూర్చునేవాడు, తుడిచినదాన్నే మళ్ళీ తుడిచేవాడు. ఈలగాడు చొక్కాకి రంగు అంటించుకుని వచ్చేవాడు, ఒకనాడు ఎరుపు, ఒకనాడు పసుపు, ఇతను ఆ మరకలు చూసి ఎవరు అంటించారో, ఎలా అంటిందో, ఎంత దగ్గరగా నిలబడితే అంటుతుందో అన్నీ లోపల లోపలే కొలుచుకునేవాడు. ఆ మంట ఆయన్ని ఆ షెడ్డు దగ్గరే వదల్లేదు, ఇంటికీ వచ్చింది. ఉంగరాల జుట్టువాడు ఎదురైతే మొహం చిట్లించేవాడు. కూతురు ఒక కుర్రాణ్ణి ఇష్టపడితే, చక్కటి కుర్రాడు, బుద్ధిమంతుడు, వాడి జుట్టు ఉంగరాలని ఇంట్లో అన్నం మానేసి అలిగి కూర్చున్నాడు, కారణం ఏమిటో చెప్పమని అందరూ కాళ్ళావేళ్ళా పడ్డారు, ఏం చెబుతాడు! ఆ అల్లుడే పాపం మొన్న మోకాళ్ళకి తైలం తెచ్చిచ్చాడు.

తెర మీద వాళ్ళిద్దరూ మెట్ల మీద కూర్చుని ఒకే గ్లాసులో టీ తాగుతున్నారు. తన గ్లాసు అది. రంగులబ్బాయి పెదవి పెట్టిన చోటే పెదవి పెట్టి తాగుతున్నాడు ఈలగాడు, అది తను చేసిన పని, ఈలగాడికి తెలీకుండా గ్లాసు తిప్పి తను చేసిన పని, వీడెలా చూశాడు? చూసినవాడు చెప్పకుండా దాచుకుని, ఇంకొకడికి పెట్టాడా? తరవాత రంగులబ్బాయి గుడ్డ దులుపుతుంటే ఎండిన రంగు రేణువొకటి ఎగిరి ఈలగాడి కంట్లో పడింది. ముసలాయన రెండు చేతులూ సీటు చేతుల మీద బిగుసుకున్నాయి. వద్దు. అది వద్దు. ఏది తీసుకున్నా తీసుకో గానీ అది మాత్రం తియ్యకు. రంగులబ్బాయి దగ్గరికి వచ్చాడు, రెండు చేతులూ ఎత్తాడు, ఎత్తి ఎదుటివాడి మొహాన్ని పట్టుకున్నాడు, అరచేతులతో కాదు, బుగ్గలు తగలకుండా, దవడ ఎముక అంచున వేళ్ళ కొసలు మాత్రం ఆనించి, ఊపిరికి చెదిరిపోయేదాన్ని పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. హాల్లో ఎవరో "అబ్బ" అని చిన్నగా అన్నారు. కంట్లో పడింది రంగు కాదురా, కార్బన్ నుసి. పట్టుకున్నది వాడు కాదురా, నేను. ఉద్యోగంలో చేరిన మొదటి రోజు పెద్ద ఆపరేటరు స్కేలుతో వేళ్ళ మీద ఒక్కటిచ్చి నేర్పాడు: "ఫిలిం మొహం మీద వేలు పెట్టావా, నీ వేలిముద్ర తెర మీద ఏనుగంత పడుతుంది. అంచులు పట్టుకో వెధవా, అంచులు!" ఆ దెబ్బ చేతుల్లోకి ఇంకిపోయింది, ఏది పట్టుకున్నా అంతే, పళ్ళెం పట్టుకున్నా, పేపరు పట్టుకున్నా, చంటిపిల్లని ఎత్తుకున్నా. ఆ రోజు ఈలగాడు కన్ను నులుముకుంటూ వచ్చి మొహం పైకెత్తి నిలబడితే ఆ మొహాన్ని కూడా అలాగే పట్టుకున్నాడు, గుడ్డ కొసతో నుసి తీశాడు, తీసిన తరవాత కూడా కాస్త సేపు వదల్లేదు. ఈలగాడు ఒంటికన్నుతో చూస్తూ, "ఒరేయ్ మూగోడా, నేనేమన్నా రీలునట్రా, అలా పట్టుకున్నావ్?" అన్నాడు. తెర మీద ఆ కుర్రాడు ఒంటికన్నుతో చూస్తూ అన్నాడు: "నేనేమన్నా తడి బొమ్మనట్రా, అలా పట్టుకున్నావ్?" మాట కూడా మార్చి ఇచ్చేశాడు! దొంగ. పెట్టెలో ఉన్న ఒకే ఒక్క నగ తీసి, కరిగించి, ఇంకొకడి మెళ్ళో వేశాడు. మంట ఇప్పుడు కడుపులో లేదు, చెవుల దాకా వచ్చింది. భార్య ఆయన వైపు తిరిగింది, చీకట్లో ఆవిడ కళ్ళద్దాల మీద తెర వెలుగు మిలమిలలాడింది.

తెర మీద ఈలగాడి తల్లి కుట్టుమిషను తొక్కుతోంది. ఈలగాడి వేషం కుర్రాడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు, కాళ్ళు మార్చి మార్చి నిలబడుతున్నాడు. "అమ్మా, నాకొకరంటే ఇష్టం." మిషను ఆగలేదు. "ఎవర్రా ఆ పిల్ల?" "పిల్ల కాదమ్మా. రంగులేస్తాడు కదా, ఆ అబ్బాయి." మిషను ఆగింది. దారం తెగింది. తల్లి సూది బెజ్జంలోకి దారం ఎక్కించడానికి చూస్తోంది, ఎక్కడం లేదు, కొడుకు వచ్చి దారం తీసుకుని ఎక్కించి ఇచ్చాడు. ఆవిడ గుడ్డ మళ్ళీ సూది కిందికి జరిపి, "చేతులు కడుక్కుని తింటాడా వాడు? ఎప్పుడు చూసినా ఆ రంగులూ వాడూ" అంది. హాలు నవ్వింది, నవ్వుతూనే ముక్కులు ఎగబీల్చింది. ముసలాయన నవ్వలేదు. అసూయపడటానికి రంగులబ్బాయి ఒక్కడే చాలడన్నట్టు, ఇప్పుడు ఈలగాడికి అలాంటి తల్లి ఉందని కూడా అసూయ పుట్టింది. అంత చిన్న మాటలా? అంత చిన్నవా అవి, దారం ఎక్కించేటంత సేపట్లో అయిపోయేవా? ఆయన కూడా ఒకసారి తన తల్లి ముందు నిలబడ్డాడు. ఆవిడ ఇస్త్రీ చేస్తోంది, చొక్కా చేతిని తిప్పి వేస్తూ, "ఏమిట్రా, అలా నించున్నావ్?" అంది. నోరు తెరిచాడు. "ఊఁ" అన్నాడు. "ఊఁ ఏమిటి?" "ఏం లేదు." అంతే, అక్కడితో ఆ తలుపు పడింది. మరుసటేడు సంబంధం చూశామన్నారు, దానికీ ఊఁ అన్నాడు. పీటలు వేసి పిలిచారని వచ్చి కూర్చున్నవాడిలా సంసారంలో కూర్చున్నాడు, ఆవిడ వడ్డించింది, తిన్నాడు, ఒక్కరోజు కూడా ఉప్పు తక్కువైందని అనలేదు, బాగుందనీ అనలేదు.

ఇప్పుడు మళ్ళీ మెషీను గది. ఆయనకి తెలుసు ఏది రాబోతోందో, ఒంట్లో ప్రతి కీలూ ముందే చెప్పింది. తెల్లతెర. మెషీను గదిలో పనిచేసేవాడికి అంతకన్నా సిగ్గు లేదు: చుక్కలు రెండూ దాటిపోయి, రీలు అయిపోయి, కొస టపటపా కొట్టుకుంటూ, తెర మీద ఏమీ లేక ఒట్టి వెలుగు. ఆ రోజు రీలు ఒకటి తెగిపోతే అతికించి మళ్ళీ చుట్టాల్సి వచ్చింది, ఇతను గోడవైపు తిరిగి చుట్టుడు బల్ల దగ్గర నిలబడ్డాడు. "నువ్వు చుట్టుకోరా, చుక్కలు నేను చూసుకుంటాలే" అన్నాడు ఈలగాడు. చూసుకోలేదు. హాల్లోంచి అరుపులు, ఈలలు, కుర్చీల మీద కొట్టే చప్పుళ్ళు లేచి వచ్చాక ఇతను వెనక్కి తిరిగాడు, అప్పటికే ఈలగాడు మెషీను మీదికి వంగి మూతలు పట్టుకుని తడబడుతున్నాడు. ఇతను పరుగెత్తి కంతలోంచి చూశాడు: ఆ ఒట్టి వెలుగులో హాలంతా పట్టపగలులా ఉంది, ఆ వెలుగులో ముందు వరసలో కూర్చున్న ఉంగరాల జుట్టు కనిపించింది. ఇంకేం కావాలి! కంతలోంచి ఆ జుట్టుని చూస్తూనే ఈలగాడు చుక్కలు మరిచిపోయాడు. మేనేజరు ఒగరుస్తూ మెట్లెక్కి వచ్చి, "ఎవర్రా?" అంటే, "నేనేనండీ, కునుకు పట్టింది" అన్నాడు ఈలగాడు. మర్నాటినుంచి రాలేదు. ఆ నెల్లోనే బేనర్లు వేసేవాడూ పని మానేసి ఎటో పోయాడు. ఇద్దరూ కలిసే పోయారని ఇతను తీర్మానించుకున్నాడు, ఆ తీర్మానం మీద తల పెట్టుకుని బతుకంతా పడుకున్నాడు.

తెర మీద ఈలగాడు మెషీను పక్కన నిలబడ్డాడు. కంత దగ్గర లేడు. కంతకి వీపు పెట్టి నిలబడ్డాడు. వాడు చూస్తున్నది హాల్లోకి కాదు, గదిలోకే. గదిలో గోడవైపు తిరిగి, చుట్టుడు బల్ల దగ్గర, రంగులబ్బాయి ఫిలిం అంచులు పట్టుకుని రీలు చుడుతున్నాడు. ముసలాయనకి ముందు కోపమే వచ్చింది. తప్పు! రంగులవాణ్ణి మెషీను గది గడప తొక్కనిస్తారా ఎవరైనా? టర్పెంటైను చేతులతో ఫిలిం దగ్గరికా? పెద్ద ఆపరేటరు చూస్తే మెట్ల మీంచి దొర్లించేవాడు, వాడొక్కసారి కూడా పైకి రాలేదు, ఆ గదిలో ఉన్నది మేమిద్దరమే. మేమిద్దరమే. తెర మీద ఆ కుర్రాడి మెడ కనిపిస్తోంది, కాలరుకీ జుట్టుకీ మధ్య ఉన్న మెడ, చుట్టుడు బల్ల మీద దీపం వెలుగు పడి, వంగి, ఏమీ తెలీకుండా రీలు చుట్టుకుంటున్న మెడ. ఈలగాడు దాన్నే చూస్తున్నాడు, కళ్ళార్పకుండా, ఇంకెక్కడికీ చూపు పోనివ్వకుండా. వెనక చుక్క పడింది. పోయింది. రెండో చుక్క పడింది. పోయింది. తెర తెల్లబడింది, తెర మీది తెర, హాలంతా ఆ వెలుగు నిండింది, ముందు వరస కుర్రాళ్ళ మొహాలు తెల్లగా మెరిశాయి, భార్య మొహం మెరిసింది, ఆవిడ ఆయనవైపే చూస్తోంది.

"రంగులేసేవాడికి ఫిలిం అలా అంచులు పట్టుకోవడం ఎవరు నేర్పారండీ?" అంది, చాలా నెమ్మదిగా.

ఆయన "ఊఁ" కూడా అనలేదు.

"మన పెళ్ళి ఫోటో మీరు అలాగే పట్టుకుంటారు. పిల్ల పుట్టినప్పుడు అలాగే ఎత్తుకున్నారు. ఇందాక ఆ కుర్రాడు వాడి మొహం పట్టుకుంటే చూశాను, వేళ్ళ కొసలు." ఆవిడ తెరవైపు తిరిగింది. "నన్నూ అలాగే పట్టుకున్నారు. అంచులే."

అందులో నిష్ఠూరం ఉందో లేదో చూడటానికి ఆయన ఆవిడ మొహంలోకి చూశాడు, ఎప్పుడూ చూడనంత సేపు చూశాడు, ఉంది, ఉండాల్సినంత ఉంది, దాన్ని ఆవిడ దాచుకోవడం లేదు, ఆయన మీదికి విసరడమూ లేదు, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తెర మీద ఏదో నడుస్తోంది, పాటో, రైలో, ఆయనకి కనిపించడం లేదు. మెడ. తన మెడ. తనకి ఎప్పుడూ కనిపించని చోటు. ఇన్నాళ్ళూ ఒక ఉంగరాల జుట్టుని తిట్టుకున్నాడు, అల్లుడి మీద అలిగాడు, ఇవాళ ఇంతసేపు కూర్చుని ఆ తెర మీది కుర్రాడి మీద ఈర్ష్యతో ఉడికిపోయాడు, వాడి గ్లాసు చూసి, వాడి వేళ్ళు చూసి, వాణ్ణి చూసే చూపు చూసి. ఆ కుర్రాడు తనే. తన మీద తనే ఏడ్చాడు. తిరిగి చూస్తే అయిపోయేది. ఆ రోజు రీలు చుట్టడం ఒక్కసారి ఆపి, చుక్క పడకముందే, వెనక్కి తిరిగి చూసి ఉంటే. ఇప్పుడు ఈర్ష్య కొత్త చోటికి మారింది, ఆ తెలియని మెడ మీదికి, అంతగా చూడబడిన, చూడబడుతున్నానని ఎరగని ఆ వెర్రివెధవ మీదికి.

దీపాలు వెలిగాయి. చప్పట్లు. తెర ముందు ఒక పడుచుపిల్ల మైకు పట్టుకుని నిలబడింది, మేనకోడలై ఉంటుంది, పక్కన కర్ర పట్టుకుని ఒక ముసలాడు. బట్టతల, వంగిన నడుం. చెవులు మాత్రం అవే, ఆ వేడి చెవులు. జనం ఏవేవో అడిగారు. ముందు వరసలో భుజం ఇచ్చిన కుర్రాడు లేచి, "తాతగారూ, ఆ రంగులబ్బాయి ఇప్పుడెక్కడున్నారు?" అని అడిగాడు.

ఈలగాడు మైకుని అనుమానంగా చూసి నోటికి దగ్గరగా పెట్టుకున్నాడు. "రంగులబ్బాయి అని ఒకడుండేవాడు గానీ బాబూ, వాడికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. వాడు టికెట్లమ్మే పిల్లని లేపుకుపోయాడు, మంచి పని చేశాడు." నవ్వులు. "మనసుపడ్డవాడు వేరే. మా పిల్లతో చెప్పాను, వాణ్ణి మార్చెయ్యమ్మా, ఎవరూ పోల్చుకోకుండా మార్చెయ్యి అని. ఎక్కడో పెళ్ళాం పిల్లలతో ఉంటాడు, నా నోటిదూల వాడి కొంప మీదికెందుకు. వాడు ఉన్నచోట ఆ మీసాలాయన్ని కూర్చోబెట్టింది మా పిల్ల. వాడు చూస్తే నన్ను చంపుతాడు."

"ఇవాళ వచ్చారా ఆయన?"

"ఏమో" అన్నాడు ఈలగాడు, దీపాల వెలుగుకి చెయ్యి అడ్డం పెట్టుకుని హాల్లోకి చూస్తూ. చూపు ఆనలేదు, ముసలికళ్ళు, ఇటునుంచి అటు దాటిపోయాయి. "వచ్చినా మాట్లాడే రకం కాదులే."

భార్య చేతిసంచీ తీసి పక్క సీటులో పెట్టింది. భుజం కాస్త ఆయనవైపు వంచింది, ఇంట్లో మంచం మీంచి లేచేటప్పుడు వంచినట్టే. "లెండి" అంది. ఆయన ఆ భుజం పట్టుకున్నాడు, అంచు కాదు, అరచెయ్యంతా వేసి పట్టుకుని, లేచి నిలబడ్డాడు. చుక్క ఎప్పుడో పడి వెళ్ళిపోయింది, అయినా అన్నాడు, మెషీను చప్పుడులో వినిపించాలంటే ఎంత గట్టిగా అనాలో అంత గట్టిగా.

"ఊఁ."

కొందరు నవ్వారు, సినిమాలో ఆ మాటకి నవ్వడం అలవాటై. తెర ముందు ముసలాడు నవ్వలేదు. కర్ర జారి కింద పడింది, మేనకోడలు తీయబోయింది, వాడు వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. రెండు వేళ్ళూ నోట్లో పెట్టుకున్నాడు. పళ్ళు లేవు, ఈల రాలేదు, ఒట్టి గాలి వచ్చింది, మళ్ళీ ఊదాడు, మళ్ళీ గాలే. ఇక్కడ ఈయన కుడిచెయ్యి దానంతటదే పైకి లేచింది, ఆ ఈలకి మూత దించడం దాని అలవాటు. గాలిలో కాసేపు అలా ఉండి, దించకుండా ఆగిపోయింది. ముందు వరసలో కుర్రాడు భుజం మీంచి తల ఎత్తి, వెనక్కి తిరిగి, ఆయన్నే చూస్తున్నాడు.